అద్దంలో చిక్కిన సూర్యుడు – 6: కరగని ప్లాటినమే కొలబద్ద అయింది

గత భాగంలో వజ్రాల తగాదా దగ్గర ఆగాం. కొలిమిలో పెట్టిన వజ్రం నిజంగానే మాయమైపోతుందా అన్న ప్రశ్న 1770ల మొదట్లో పారిస్ నగల వర్తకులనూ రసాయన పండితులనూ ఒకే గదిలోకి చేర్చింది. మయార్ అనే వర్తకుడు తన వజ్రాలను బొగ్గుపొడిలో దట్టంగా కూరి, గాలి చొరకుండా మూసి కొలిమిలో పెట్టించాడు. అవి చెక్కు చెదరకుండా బయటికొచ్చాయి. గాలి తగిలితేనే వజ్రం కాలుతుందని అలా తేలింది. దానికి కొనసాగింపుగా 1772లో లవోయిజర్, మకేర్, కాడే, బ్రిస్సోన్ అనే నలుగురు పండితులు డెబ్భై ఏళ్ల నాటి చిర్న్‌హౌస్ భూతద్దాన్ని మళ్లీ ఎండలోకి తెచ్చారు.

ఈ భాగంలో కథ వజ్రాల నుంచి లోహాలకు మళ్లుతుంది. ప్రశ్న కూడా మారుతుంది. ‘కాలిందా, లేదా’ అన్న చోట ‘ఎంత వేడెక్కింది’ అన్న మాట వచ్చి కూర్చుంటుంది. వినడానికి చిన్న ప్రశ్నే. దానికి నమ్మదగిన జవాబు దొరకడానికి మాత్రం నూట అయిదేళ్లు పట్టింది.

లూవ్ర తోటలో నాలుగడుగుల భూతద్దం

1774 అక్టోబరు. ఆ ఏడాది మే నెలలోనే 16వ లూయీ గద్దెనెక్కాడు. ఆగస్టులో ట్యుర్గో ఆర్థిక వ్యవహారాల పగ్గాలు పట్టాడు. ఆయనకు దగ్గరైన అధికారుల్లో ట్రూడేన్ ద మోంటిన్యీ ఒకడు. రాజ్యంలో రోడ్లు, వంతెనలు, వర్తకం చూసే పెద్ద ఉద్యోగి. దానికితోడు సైన్స్ అంటే ప్రాణం. తన సొంత ఖర్చుతో ఓ పెద్ద భూతద్దం చేయించి, అకాడమీ పండితుల ప్రయోగాలకు అప్పగించాడు.

అంత పెద్ద కటకాన్ని ఒకే గాజు దిమ్మెగా, లోపల బుడగలూ చారలూ లేకుండా పోతపోయడం అప్పట్లో ఎవరి తరమూ కాదు. అందుకని దాన్ని తయారుచేసిన బెర్నియేర్ వేరే దారి పట్టాడు. సాంగోబాన్ గాజు కార్ఖానాలో పోసిన రెండు పెద్ద పలకలను వేడిచేసి వంచి, ఎదురెదురుగా ఉంచి అంచులు బిగించాడు. మధ్యలో మిగిలిన ఖాళీని స్పిరిట్‌తో నింపాడు. గాజు కొద్దిగానూ ద్రవం ఎక్కువగానూ ఉన్న ఆ కటకం వ్యాసం నాలుగడుగులు. అది పోగుచేసిన ఎండ దాదాపు 11 అడుగుల అవతల ఒక చుక్కగా పడుతుంది, అదే నాభి. ఆ చుక్కకు కాస్త ముందు మరో చిన్న కటకం పెట్టారు. పెద్దది కూడగట్టిన వెలుగును ఈ చిన్నది ఇంకా ఇరుకైన చోటికి కుదిస్తుంది.

ఈ సరంజామా అంతా సేన్ నది ఒడ్డున, లూవ్ర భవనానికి ఆనుకుని ఉన్న ‘ఇన్ఫాంత తోట’లో చక్రాల వేదిక మీద నిలబెట్టారు. సూర్యుడు జరిగేకొద్దీ వేదికను తిప్పాలి, కటకాన్ని వాల్చాలి. అందుకు మరలు, పిడులు. నాటి చెక్కుడు చిత్రంలో నాభి దగ్గర పనిచేసే మనిషి నల్ల కళ్లద్దాలతో కనిపిస్తాడు. పక్కనే విగ్గులు పెట్టుకున్న పెద్దమనుషులు. అక్టోబరు పారిస్‌లో మబ్బు పడితే పని ఆగినట్టే. ఎండ కాసిన ఆ కాసేపట్లోనే అన్నీ జరగాలి.

ఇంత అవస్థ ఎందుకు, మంచి కొలిమి చాలదా అని పాఠకుడికి అనిపించవచ్చు. నాటి పారిస్‌లో వంటకైనా, చలి కాగడానికైనా, కుమ్మరి ఆవానికైనా, కమ్మరి కొలిమికైనా కట్టెలూ కట్టెబొగ్గులే ఆధారం. మోర్వాన్ అడవుల్లో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి నదుల మీద నగరానికి తోలుకొచ్చేవారు. ఎంత ఊదినా ఆ బొగ్గు వేడికి ఒక హద్దుంది. పైగా బూడిద, పొగ, నిప్పులోంచి వచ్చే గాలులు కరిగే లోహంలో కలుస్తాయి. చివరికి మిగిలింది లోహం గుణమా, బొగ్గు చేసిన మార్పా చెప్పలేం. ఎండకు ఆ బెడద లేదు. మూసిన గాజు పాత్ర లోపలి వస్తువును కూడా బయటి నుంచే కాల్చవచ్చు. ఏ గాలి పుట్టిందో, ఏ గాలి తగ్గిందో తూచి చూసే లవోయిజర్‌కు కావలసింది సరిగ్గా అదే.

పని ఇలా జరిగేది. గట్టి కట్టెబొగ్గు ముక్కలో చిన్న గుంట తొలిచి, లోహాన్ని అందులో ఉంచి నాభి కిందికి జరిపేవారు. తగరం, సీసం సంగతి చెప్పనక్కర్లేదు. రాగి కరిగింది. వెండి కరిగి పొగలు కక్కింది. ఇనుము కూడా లొంగింది.

బంగారం దగ్గర ఒక పాత జగడం ఉంది. 1702లో హోంబెర్గ్ అనే రసాయనవేత్త చిర్న్‌హౌస్ కటకం కింద బంగారం పెట్టి, అది కొంత పొగగా పోయి కొంత గాజుగా మారిందని ప్రకటించాడు. బంగారం నాశనం కాదని తరతరాలుగా నమ్మిన లోకానికి అది పెద్ద దెబ్బ. ఆ గాజు బంగారానిది కాదు, కింద ఉన్న బొగ్గు బూడిదదని హార్ట్‌సోకర్ ఎదురుతిరిగాడు. డెబ్భై ఏళ్ల తర్వాత మకేర్ ఆ పొగ సంగతి ఒక చక్కని పరీక్షతో తేల్చాడు. కరిగి మరుగుతున్న బంగారం పైన కొంత ఎత్తులో వెండి రేకు పట్టుకున్నాడు. కాసేపటికి ఆ రేకు మీద బంగారు పూత తేలింది. బంగారం నాశనమూ కాలేదు, గాజూ కాలేదు. ఆవిరై పైకి లేచి, చల్లని వెండి తగలగానే మళ్లీ బంగారమై కూర్చుంది.

మొండి లోహం

ఇక మిగిలింది ప్లాటినం. దక్షిణ అమెరికాలో స్పెయిన్ ఏలుబడిలోని న్యూ గ్రనాడాలో, చోకో ప్రాంతపు ఏటి ఇసుకలో బంగారంతో కలిసి దొరికే తెల్లని గింజలివి. గనుల్లో పనిచేసేవారికి అది ఒట్టి తలనొప్పి. బంగారమంత బరువు, ఏ కొలిమిలోనూ కరగదు. బంగారంలో కలిపితే తూకంలో పట్టుబడదు కాబట్టి మోసగాళ్లకు మాత్రం ఇష్టం. అందుకే స్పెయిన్ ప్రభుత్వం దాని మీద ఆంక్షలు పెట్టింది. ఈ లోహం గురించి ఉల్యోవా అనే నావికాధికారి 1748లో అచ్చువేసిన యాత్రాగ్రంథం చదివాక యూరప్‌లో ప్రతి రసాయనశాలకూ దాన్ని కరిగించాలన్న పట్టుదల పుట్టింది.

ట్రూడేన్ కటకం కింద ప్లాటినం గింజలు తెల్లగా మండాయి, దగ్గరికి జరిగాయి, ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కట్టాయి. కానీ వెండిలా, బంగారంలా గుండ్రని బొట్టుగా మాత్రం మారలేదు. కరగబోయి ఆగిపోయింది. ప్రపంచంలోని అతి పెద్ద భూతద్దాల్లో ఒకటి, దాని ముందు నిలబడిన మహామహులు, అందరూ ఆ చిన్న ముద్ద దగ్గర ఓడిపోయారు.

ఆ ఓటమి విలువైనది. ఎందుకంటే నాభిలో వేడి ఎంతో చెప్పే సాధనం అప్పుడు ఎవరి దగ్గరా లేదు. పాదరసం థర్మామీటరు 357 సెంటీగ్రేడ్ డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, గాజు గొట్టం ఆపైన మెత్తబడుతుంది. అందుకని లోహాలే థర్మామీటర్లు. ఏది కరిగింది, ఏది కరగలేదు అన్నదే లెక్క. ఈనాటి అంకెల్లో ఆ నిచ్చెన మెట్లు ఇవి: వెండి 962 డిగ్రీలు, బంగారం 1,064, రాగి 1,085, ఇనుము 1,538, ప్లాటినం 1,768. నాటివారికి మెట్ల వరస తెలుసు, ఎత్తులు తెలియవు. ఇనుము దాటింది, ప్లాటినం అందలేదు. 1774లో నిజాయితీగా చెప్పగలిగిన అంచనా అంతే. నేటి అంకెలు తగిలిస్తే, ఆ నాభిలో లోహం 1,538కి పైన, 1,768కి కింద ఆగిందన్నమాట.

ఈ పద్ధతిలో రెండు ఉచ్చులున్నాయి. మెరిసే లోహం తన మీద పడిన ఎండలో చాలా భాగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. నునుపుగా మెరుగుపెట్టిన వెండి ఎండను మింగే మోతాదు చాలా తక్కువ. మసి పట్టిన ఇనుము దాదాపు అంతా మింగుతుంది. అంటే ఒకే నాభిలో పెట్టిన రెండు లోహాలు ఒకే వేడికి చేరవు. రెండోది, కింద ఉన్న బొగ్గు కూడా మండుతూ తన వంతు వేడి జతచేస్తుంది. ఎండ పని ఎంత, బొగ్గు పని ఎంత? ఆ చిక్కు విప్పడం అప్పటికి ఎవరి వల్లా కాలేదు.

అదే అక్టోబరులో ఒక విందు

ఆ నెలలోనే పారిస్‌కు ఒక ఇంగ్లీషు అతిథి వచ్చాడు. పేరు జోసెఫ్ ప్రీస్ట్లీ. రెండు నెలల కిందట, ఆగస్టు 1న, ఆయన కూడా ఒక భూతద్దమే పట్టుకున్నాడు. అది పన్నెండు అంగుళాలది, ట్రూడేన్ దానితో పోలిస్తే పిల్ల. దానితో ఎర్రని పాదరస భస్మాన్ని వేడిచేస్తే ఒక వింత గాలి వచ్చింది, అందులో కొవ్వొత్తి కళ్లు మిరుమిట్లు గొలిపేలా మండింది. ఈ సంగతి ఆయన లవోయిజర్ ఇంట విందులో చెప్పాడు. ఆ గాలికి తర్వాత లవోయిజర్ పెట్టిన పేరే ఆక్సిజన్. దాన్ని ముందు కనిపెట్టిన ఘనత ఎవరిదన్న పోరు ఆ విందు బల్ల దగ్గరే మొదలైంది.

మన కథకు సంబంధించిన మలుపు 1782లో వచ్చింది. లవోయిజర్ బొగ్గు మీదికి ఆక్సిజన్‌ను ధారగా ఊది, నాలుగడుగుల భూతద్దం చేయలేని పని చేసి చూపించాడు. ప్లాటినం కరిగి గుండ్రని బొట్టయింది. ఎండ కోసం మబ్బుల వైపు చూస్తూ కూర్చోవలసిన అవసరం తీరిపోయింది. పెద్ద భూతద్దాల శకం అక్కడితో నెమ్మదించింది. ఒక విధంగా భూతద్దం కనిపెట్టించిన గాలే భూతద్దాన్ని మూలన కూర్చోబెట్టింది.

కుమ్మరి లెక్క తప్పింది, అయినా...

వేడిని అంకెల్లో చెప్పాలన్న తపన పండితుల కంటే పనివాళ్లకే ఎక్కువ. ఇంగ్లండులోని స్టఫర్డ్‌షైర్‌లో జోసయ్య వెజ్‌వుడ్ అనే కుమ్మరి ఉండేవాడు. కుమ్మరి అంటే చిన్నవాడేం కాదు, ఆయన ఎట్రూరియా కార్ఖానా సామాను రాజుల భోజనాల బల్లల మీదికి వెళ్లేది. మశూచి దెబ్బతీసిన కాలిని 1768లో తీసేయించుకుని, కొయ్యకాలితో కార్ఖానా అంతా తిరిగేవాడు. ఆయన బాధ ఒక్కటే. బట్టీ దగ్గర నిలబడిన పనివాడు చిన్న కన్నంలోంచి లోపలి రంగు చూసి ‘ఇక చాలు’ అంటాడు. ఆ పనివాడికి జ్వరం వస్తే? మేఘం పట్టి వెలుతురు మారితే? ఒక బట్టీ సామాను మొత్తం పాడైతే నష్టం ఎవరు భరిస్తారు?

1782లో ఆయన ఒక ఉపాయం ప్రకటించాడు. మట్టి కాలితే కుంచించుకుపోతుంది. ఒకే మట్టితో, ఒకే కొలతతో చిన్న బిళ్లలు చేయించాడు. బిళ్లను బట్టీలో కాల్చి, చల్లారాక క్రమంగా ఇరుకయ్యే ఇత్తడి కాలువలోకి తోస్తే, ఎంత కుంచించుకుపోతే అంత లోపలికి జారుతుంది. ఎక్కడ ఆగితే అన్ని ‘వెజ్‌వుడ్ డిగ్రీలు’. మరుసటి ఏడాది ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

బట్టీతో బట్టీని పోల్చడానికి అది పనికొచ్చింది. చిక్కంతా దాన్ని మామూలు థర్మామీటరుతో ముడిపెట్టడంలో వచ్చింది. తన ఒక్కో డిగ్రీ 130 ఫారెన్‌హీట్ డిగ్రీలతో సమానమని ఆయన లెక్కగట్టాడు. ఆ లెక్కన వెండి కరిగేది 4,717 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర, పోత ఇనుము 17,977 దగ్గర. వెండి అసలు కరిగేది 1,763 ఫారెన్‌హీట్ దగ్గర. పోత ఇనుమైతే 2,200 దాటీ దాటకముందే కరుగుతుంది. అంటే సూర్యుడి ఉపరితలం కంటే దాదాపు రెట్టింపు వేడి ఒక ఇంగ్లీషు కొలిమిలో ఉందని ఆయన కొలబద్ద చెప్పింది. మట్టి కుంచించుకుపోవడం వేడితో సమంగా సాగదు, తక్కువ వేడి దగ్గర తీసిన లెక్కను అంత దూరం లాగకూడదు. కొన్నేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో గిటోన్ ద మోర్వో ప్లాటినం కడ్డీ వ్యాకోచంతో కొలిచి, ఆ అంకెలను బాగా కిందికి దించాడు.

ఇక్కడ వెజ్‌వుడ్‌ను తక్కువ చేయడం అన్యాయం. కొలత తప్పు కావచ్చు. బట్టీ వేడికి ఒక కొలత ఉండాలని పట్టుబట్టి, దాన్ని పనివాడి చేతికి అందించినవాడు ఆయనే.

నిజానికి రంగు చూసి చెప్పే కన్ను కూడా తీసిపారేసేది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు తయారుచేసే కమ్మరుల సంగతి హెన్రీ వాయ్సే రాసిన వర్ణనలో ఉంది. అది 1832లో అచ్చయింది. పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కెళ్లిన ఆ ఉక్కును మట్టి మూసల్లో వండినవారి దగ్గర ఏ థర్మామీటరూ లేదు. తిత్తుల ఊపు, నిప్పు రంగు, గడిచిన పొద్దు, ఇవే వాళ్ల అంకెలు. ఆ చూపును అంకెలుగా మార్చే పని యూరప్‌లో మొదలైంది. 1836లో పారిస్‌లో క్లోద్ పుయ్యే ప్లాటినం బుడ్డిలో గాలి నింపి, అది వేడికి ఎంత వ్యాకోచించిందో చూసి ఉష్ణోగ్రతలు కొలిచాడు. పక్కనే రంగులు రాసుకున్నాడు. చీకట్లో కనీకనిపించని ఎరుపు 525 డిగ్రీలు, ముదురు ఎరుపు 700, పండు ఎరుపు 900, ముదురు నారింజ 1,100, తెలుపు 1,300, కళ్లు చెదిరే తెలుపు 1,500. 1847లో న్యూయార్క్‌లో డ్రేపర్ కరెంటు పారించిన ప్లాటినం పట్టీతో పరీక్షించి, ఘనపదార్థం ఏదైనా మెరవడం మొదలయ్యేది దాదాపు ఆ 525 దగ్గరేనని తేల్చాడు.

ఒక్క సంగతి గమనించాలి. గిటోన్ కడ్డీ, పుయ్యే బుడ్డి, డ్రేపర్ పట్టీ, మూడూ ప్లాటినమే. లూవ్ర తోటలో కరగనని మొండికేసిన గుణమే దాన్ని వేడిని కొలిచే లోహంగా నిలబెట్టింది.

సూర్యుడికి ఎన్ని డిగ్రీలు?

నాభిలో లోహం ఎంత వేడెక్కగలదన్న ప్రశ్న వెంట మరో ప్రశ్న నడిచింది. ఆ ఎండను పంపుతున్న సూర్యుడి వేడి ఎంత? పుయ్యే 1838లో నేల మీద పడే ఎండ ఎంతో కొలిచాడు, అది ఈనాటి విలువకు బాగా దగ్గర. దాన్నుంచి సూర్యుడి ఉష్ణోగ్రతకు లెక్కవేస్తే 1,461 నుంచి 1,761 డిగ్రీల మధ్య వచ్చింది. రోములో వేధశాల నడిపే జెసూట్ ఫాదర్ సెక్కి లెక్కవేస్తే కోటి డిగ్రీలు వచ్చింది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఇంచుమించు ఒకే ఎండ.

తేడా ఎక్కడంటే సూత్రంలో. వేడి వస్తువు కిరణాల బలం ఉష్ణోగ్రతతో సమంగా పెరుగుతుందన్న న్యూటన్ నియమాన్ని సెక్కి నమ్మాడు. అలా చూస్తే సూర్యుడు అంత వెలుగు పంపాలంటే అసాధ్యమైన వేడి ఉండాలి. పుయ్యే నమ్మిన డ్యులాంగ్, పెటిట్ సూత్రంలో కిరణాలు విపరీతమైన వేగంతో పెరుగుతాయి, కాబట్టి కొద్ది వేడి చాలు. రెండు సూత్రాలూ తక్కువ ఉష్ణోగ్రతల దగ్గర పరీక్షించినవే, రెండింటినీ సూర్యుడి దాకా సాగదీశారు. వెజ్‌వుడ్ చేసిన పొరపాటే ఇది.

1870ల మొదట్లో ఈ గొడవ ఫ్రెంచి అకాడమీ పత్రికల్లో వేడెక్కింది. సెక్కికి ఎదురు నిలిచినవాళ్లలో సాంత్ క్లేర్ దెవిల్ ఒకడు. సున్నపురాయి కొలిమిలో ఆక్సిజన్ మంటతో ప్లాటినాన్ని దిమ్మెలు దిమ్మెలుగా కరిగించిన మనిషి. తన కొలిమి వెలుగునూ సూర్యుడి వెలుగునూ పోల్చి, సూర్యుడి వేడి మూడు వేల డిగ్రీలు దాటదన్నాడు. ఆయన మాటా తప్పే. కానీ కోటి డిగ్రీలతో పోలిస్తే నిజానికి ఎంతో దగ్గర. చేతులు కాల్చుకున్న అనుభవం వట్టిపోదు.

ఇంకో వైపు ఒక సిద్ధాంత పోరాటం. 1852లో స్కాట్లండ్ ఇంజినీరు రాంకిన్ ఒక ఊహ చేశాడు. విశ్వంలో చెల్లాచెదురైన వేడి కిరణాలు ఎక్కడో ఒక చోట ప్రతిఫలించి మళ్లీ నాభుల్లో కలిస్తే, అక్కడ చల్లారిన నక్షత్రాలు కూడా కొత్తగా మండిపోవచ్చునని. అంటే అద్దాలతో పోగుచేస్తూ పోతే వేడికి హద్దే ఉండదు. 1864లో క్లాసియస్ దాన్ని గట్టిగా ఖండించాడు. ఎన్ని అద్దాలు, ఎన్ని కటకాలు పెట్టినా నాభిలోని వస్తువు, కిరణాలు పంపే మూలం కంటే వేడెక్కలేదు. నాభిలో నిలబడి చూడగలిగితే కటకమంతా సూర్యుడై కనిపిస్తుంది. చుట్టూ ఉన్న దిక్కులన్నీ సూర్యుడితో నిండిపోయినా, సూర్యుడి ఉపరితలం మీద కూర్చున్నంత వేడే తప్ప అంతకు మించదు. లోహం అక్కడ సూర్యుడి కంటే వేడెక్కితే, అదే తిరిగి సూర్యుడికి వేడి పంపడం మొదలుపెడుతుంది.

హద్దు ఉందని తేలింది. ఆ హద్దు ఎన్ని డిగ్రీలో చెప్పాల్సింది ఇంకా మిగిలింది.

వియన్నాలో ఒక నాలుగో ఘాతం

ఆ పని చేసినవాడు యోజెఫ్ స్టెఫాన్. స్లొవీన్ మాట్లాడే పేద కుటుంబంలో పుట్టి వియన్నాలో భౌతికశాస్త్ర ఆచార్యుడైనవాడు. 1879లో ఆయన కళ్ల ముందుకు జాన్ టిండల్ చేసిన ఒక పాత కొలత వచ్చింది. కరెంటుతో వేడెక్కిన ప్లాటినం తీగ లేత ఎరుపు నుంచి పూర్తి తెలుపుకు మారితే, అది వెదజల్లే వేడి 11.7 రెట్లు పెరిగింది. లేత ఎరుపు అంటే 525 డిగ్రీలు, ఆ తెలుపు అంటే 1,200. పరమశూన్యం నుంచి లెక్కిస్తే 798, 1,473. రెండో దాన్ని మొదటి దానితో భాగించి, వచ్చిన 1.846ను నాలుగో ఘాతానికి పెంచాడు. 11.6 వచ్చింది. వెదజల్లే వేడి పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుందని స్టెఫాన్ ప్రకటించాడు. ప్లాటినం కిరణాలు వెదజల్లే తీరు పూర్తి నల్లని వస్తువు తీరు కాదు కాబట్టి ఆ లెక్క అంత ముచ్చటగా కుదరడంలో అదృష్టం పాలు కొంత ఉంది. సూత్రం మాత్రం నిలిచింది. అయిదేళ్లకు ఆయన శిష్యుడు బోల్ట్‌జ్‌మన్ దానికి సిద్ధాంతపు పునాది కట్టాడు.

వెంటనే స్టెఫాన్ ఆ సూత్రాన్ని సూర్యుడి మీద ప్రయోగించాడు. స్విట్జర్లండ్‌కు చెందిన సోరే, తెల్లగా కాలిన ఒక సన్నని లోహపు రేకును ఆకాశంలో సూర్యబింబం ఎంత కనిపిస్తుందో అంతే కనిపించేంత దూరంలో ఉంచి, దాని వేడినీ ఎండనూ పోల్చాడు. ఎండ 29 రెట్లు బలంగా ఉంది. దారిలో గాలి మింగిన భాగాన్ని కలిపితే 43.5 రెట్లు. రేకు వేడి దాదాపు 1,950 డిగ్రీలు. 43.5కి నాలుగో మూలం 2.57. రేకు పరమ ఉష్ణోగ్రతను దాంతో గుణించి, 273 తీసేస్తే సూర్యుడి ఉపరితలం సుమారు 5,430 సెంటీగ్రేడ్ డిగ్రీలు. ఈనాడు ఒప్పుకున్న విలువ దాదాపు 5,500. కోటికీ పదిహేను వందలకూ మధ్య ఊగిన లెక్క, కాలిన ఓ లోహపు రేకు సాయంతో నూటికి ఒకటి రెండు వంతుల తేడాలోకి వచ్చి స్థిరపడింది.

ట్రూడేన్ కటకాన్ని మళ్లీ కొలుద్దాం

స్టెఫాన్ సూత్రం చేతిలో ఉంటే 1774 అక్టోబరు ప్రశ్నకు ఇప్పుడు ఎవరైనా కాగితం మీద జవాబు వేయవచ్చు. మంచి ఎండలో చదరపు మీటరుకు వెయ్యి వాట్లు పడతాయి. దాన్నంతా మింగి, గాలికి ఏమీ పోగొట్టుకోకుండా, ఒక్క ముఖం నుంచే వెదజల్లే నల్లని పలక ఎంత వేడెక్కుతుంది? 364 కెల్విన్, అంటే 91 డిగ్రీలు. ఎండను 16 రెట్లు కేంద్రీకరిస్తే పరమ ఉష్ణోగ్రత రెట్టింపవుతుంది, 456 డిగ్రీలు. మళ్లీ రెట్టింపు కావాలంటే 256 రెట్లు, అప్పుడు 1,185 డిగ్రీలు. బంగారం, రాగి కరిగాయి, ఇనుము ఇంకా కరగలేదు. మొదటి వెయ్యి డిగ్రీలు తేలిక, తర్వాతి ప్రతి వంద డిగ్రీలూ ఎంత ఖరీదో ఇక్కడే తెలుస్తుంది.

సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు. అందుకే ఏ కటకమూ దాన్ని ఒక బిందువుగా చేయలేదు, నాభి దూరంలో 107వ వంతు వెడల్పున్న చిన్న బింబంగా చేస్తుంది. పదకొండు అడుగులకు ఆ బింబం సుమారు అంగుళం పావు. కటకం 48 అంగుళాలు. వెడల్పుల నిష్పత్తి దాదాపు 40, విస్తీర్ణంలో 1,600 రెట్లు. గాజూ స్పిరిట్టూ మింగిన వెలుగు, రంగులుగా విడిపోయి చెదిరిన వెలుగు సగమనుకుంటే 800 మిగులుతుంది. ఆ లెక్కకు 1,665 డిగ్రీలు. చిన్న కటకం దాన్ని కొంత పైకి నెడుతుంది, మెరిసే ప్లాటినం తిప్పికొట్టిన ఎండ మళ్లీ కిందికి లాగుతుంది. ఇనుముకు పైన, ప్లాటినానికి కింద. లవోయిజర్ మిత్రులు కళ్లతో చూసి చెప్పిన చోటికే సూత్రమూ వచ్చి ఆగింది. సూత్రం లేకుండానే, ఊహలు జోడించకుండా, కరిగినది కరిగిందనీ కరగనిది కరగలేదనీ రాసిపెట్టినందుకే వాళ్ల నివేదికకు ఈనాటికీ విలువ ఉంది. లవోయిజర్ ఈ లెక్క చూడలేదు. 1794 మే 8న విప్లవ ప్రభుత్వం ఆయన తల తీయించింది.

1886లో లె షాతెలియే ప్లాటినం తీగనూ, ప్లాటినం–రోడియం తీగనూ కలిపి కరెంటుతో వేడిని చెప్పే థర్మోకపుల్‌ను పని సాధనంగా నిలబెట్టాక, కొలిమి దగ్గర ఊహలకు చోటు తగ్గిపోయింది. ప్రపంచంలోని ఉక్కు కర్మాగారాల్లో ఆ తీగలు ఈనాటికీ వాడుకలో ఉన్నాయి.

పండితులు డిగ్రీల గురించి వాదించుకుంటున్న ఆ రోజుల్లోనే, వేడిని కొలవడం కంటే దానితో పని చేయించడమే ముఖ్యమనుకున్న ఇద్దరు మనుషులు ఉన్నారు. ఒకరు ఫ్రాన్స్‌లోని తూర్ పట్నంలో లెక్కల మాస్టారు ఒగుస్తాన్ మూషో. 1878 పారిస్ ప్రదర్శనలో ఎండతో యంత్రం నడిపి, దాంతో మంచుగడ్డ తయారుచేసి చూపించాడు. రెండోవారు బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారుగా పనిచేసిన విలియం ఆడమ్స్. చదునైన మామూలు అద్దాలను వరసగా నిలబెట్టి, బొంబాయి ఎండతోనే ఆవిరి పుట్టించి పంపు తిప్పాడు. కట్టెలు కరువైన వేడి దేశాలకు ఎండే వంటచెరకు కావాలని వాదిస్తూ 1878లో ఆయన బొంబాయిలో ఒక పుస్తకం అచ్చువేయించాడు. వచ్చే భాగం ఆ పుస్తకంతోనే మొదలవుతుంది.